బండి మీది, కొండ ఎవరిది? పాతపట్నంలో రాక్ బగ్గీ కట్టాలనుకునేవారి ప్రశ్నలు

పాతపట్నం చుట్టుపక్కల రాళ్ల మెట్టలకు కొదవ లేదు. మెళియాపుట్టి వైపు వెళ్తే గ్రానైట్ క్వారీలు, ఇటు మహేంద్రతనయ ఏటి రాళ్లు, దూరంగా మహేంద్రగిరి వరస. ఇవి రోజూ చూస్తూ పెరిగిన కుర్రాళ్లకు, అందులోనూ ఐటీఐలో వెల్డింగో డిప్లొమాలో మెకానికలో చదివినవాళ్లకు, పాత జీపు సామాన్లతో బగ్గీ కట్టి రాళ్ల మీద మెల్లగా పాకించాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు. ఆ కోరిక నాకిష్టం. చేత్తో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు. అయితే డబ్బంతా పెట్టేశాక షెడ్డులో మూలపడిన బండ్లు చాలానే ఉంటాయి, కట్టేముందు అడగాల్సినవి కట్టిన తర్వాత అడగడం వల్ల. కింది జవాబులకు ఆధారం 1988 మోటారు వాహనాల చట్టం, 2019లో దానికి వచ్చిన సవరణలు. మీ బండి సంగతి ఇందులో ఇమడకపోతే గ్యాస్ కట్టర్ వెలిగించకముందే శ్రీకాకుళం రవాణా కార్యాలయంలో అర్జీ రాసిచ్చి, రాతలోనే జవాబు తీసుకోండి.

సొంతంగా కట్టిన బగ్గీకి నంబరు ఇస్తారా?

ఇవ్వరు. నంబరు రావాలంటే ముందు ఆ నమూనాకు ఆమోదం ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు బండి నమూనాను పరీక్షించి పత్రం ఇవ్వాలి. ఈ ఏర్పాటు వేల బండ్లు తయారుచేసే కంపెనీల కోసం పెట్టింది. ఒక్క బండి కట్టుకునేవాడు ఆ ఖర్చు మోయలేడు. బ్రిటన్‌లో ఒక్క బండినే విడిగా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది, మన దగ్గర అలాంటిది లేదు. ఉండాలని నా అభిప్రాయం. వచ్చేదాకా మాత్రం ఉన్న చట్టం ప్రకారమే నడవాలి.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రేలో ఒక చేతిపనివాడు తుక్కు సామానుతో కిక్ కొడితే స్టార్టయ్యే చిన్న జీపు తయారుచేశాడు. సుమారు 60 వేల రూపాయల్లో అయిపోయిందని వార్తలొచ్చాయి. 2021 డిసెంబరులో మహీంద్రా సంస్థ అధిపతి ఆనంద్ మహీంద్రా ఆ పనితనాన్ని మెచ్చుకుంటూనే, నిబంధనలకు సరిపోదు కాబట్టి ఎప్పటికైనా అధికారులు ఆపేస్తారన్నారు. దానికి బదులు బొలెరో ఇస్తామన్నారు, మరుసటి నెలలో ఇచ్చారు కూడా. దేశమంతా చప్పట్లు కొట్టిన బండికే నంబరు రాలేదని గుర్తుపెట్టుకోండి.

పల్లెల్లో పంపుసెట్టు ఇంజిన్ బిగించిన బండ్లు తిరుగుతూనే ఉన్నాయి కదా?

తిరుగుతున్నాయి, చట్టం ఒప్పుకుని కాదు. ఉత్తరాదిలో జుగాడ్ అని పిలిచే అలాంటి బండి కూడా మోటారు వాహనమేననీ, రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు అన్నీ దానికీ వర్తిస్తాయనీ రాజస్థాన్ ఆర్టీసీ కేసులో 2013 మేలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

నా దగ్గర పాత జీపు, దాని సీ బుక్ ఉన్నాయి. చాసిస్ కోసి బగ్గీ కట్టి అదే నంబరు వాడుకోవచ్చా?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట చెప్పిన వివరాలకూ సీ బుక్‌లో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను ఇంకా గట్టిగా చెప్పింది: రంగు మార్చడం లాంటి చిన్న మార్పులు సరే, బండి రూపమే మారిపోవడం కుదరదు. 182ఏ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట దగ్గర ఆగండి. బాడీ తీసేయడం, చాసిస్ కోయడం, వేరే ఇంజిన్ బిగించడం ఒకటిగా లెక్కకు రావు.

పైగా ఆ నంబరు మీదున్న బీమా మీరు కట్టిన బగ్గీకి అక్కరకు రాదు. బండి మారిపోయిందని బీమా కంపెనీ చేతులెత్తేస్తే నష్టపరిహారం మీ పొలం మీద పడుతుంది.

మరి జీపుని జీపులాగే ఉంచి రాళ్ల మీదకు తీసుకెళ్తే?

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫోర్ వీల్ గేరు పనిచేసే పాత మహీంద్రా జీపో మారుతీ జిప్సీయో, కాగితాలు సరిగ్గా ఉన్నది కొని, కంపెనీ కొలతల టైర్లు వేసి, కమాను పట్టీలు బాగుచేయించి, కింద గట్టి రేకు రక్షణగా బిగించండి. రాయి మీద బండి నిలబడేది వేగంతో కాదు, లో గేరుతో. లో గేరులో యాక్సిలరేటర్ దాదాపు ముట్టకుండా ఎక్కించడం వస్తే పని సగం నేర్చుకున్నట్టే. ముందు బుల్ బార్ మాత్రం వద్దు, అది 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. వెనక హౌసింగ్‌లోని స్టార్ పినియన్లు వెల్డ్ చేయించేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, రాళ్ల మీద పట్టు పెరుగుతుంది. తక్కువ ఖర్చు చిట్కా కాబట్టి చాలామంది చేస్తారు. మూలపేట రోడ్డు మలుపులోనో వాన పడ్డ ఘాట్‌లోనో అదే జీపు తిరగాల్సిన చోట తిరగక నేరుగా పోతుంది. రోడ్డెక్కే జీపుకు ఆ పని ఎంతమాత్రం చేయించకండి. రోడ్డెక్కని బగ్గీకైతే మీ ఇష్టం.

అయితే బగ్గీని మా జీడితోటలోనే తిప్పుకుంటాను. అప్పుడు చట్టం అడ్డుపడదు కదా?

ఈ జవాబు జాగ్రత్తగా చదవండి, తేడా చిన్నదే.

39వ సెక్షన్ రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో మాత్రమే కాదు, మరే చోటా నడపకూడదంటుంది. కాబట్టి నా భూమి, నా ఇష్టం అనే వాదన నిలవదు. వెసులుబాటు దొరికేది మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షన్ 28వ క్లాజులో. రోడ్డు మీద వాడకానికి అనువైనదే మోటారు వాహనం. ఫ్యాక్టరీలోనో, చుట్టూ మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడేలా మలిచిన ప్రత్యేక రకం బండి ఆ లెక్కలోకి రాదు. ఇక్కడ ‘మాత్రమే’ అన్న మాటకు బరువుంది. 2001లో బోస్ అబ్రహాం కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌కవేటర్లు, రోడ్డు రోలర్లు కూడా మోటారు వాహనాలేనంది. ఆవరణలో వాడుకుంటున్నాం అన్నంత మాత్రాన సరిపోదు, బండి స్వభావం కూడా చూస్తారు.

మన పక్కనే విశాఖలో ఇంకో తీర్పుకు మూలమైన సంగతి జరిగింది. ఉక్కు కర్మాగారం డిస్పాచ్ యార్డులో పనిచేసిన తారాచంద్ లాజిస్టిక్స్ కంపెనీ తన 36 బండ్లు ఆ గోడలు దాటి బయటికి రాలేదని, ఆ కాలానికి కట్టిన పన్ను వెనక్కివ్వాలని కోర్టుకెళ్లింది. హైకోర్టు సింగిల్ జడ్జి సరేనన్నారు, డివిజన్ బెంచి కాదంది. 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది, వెనక్కి రావాల్సిన మొత్తం 22,71,700 రూపాయలు. చుట్టూ ప్రహరీ ఉంది, గేటు దగ్గర కాపలా ఉంది, ఎవరు పడితే వాళ్లు వెళ్లలేరు, అందుకే అది బహిరంగ స్థలం కాదన్నారు. ఆ తీర్పు రాష్ట్ర మోటారు వాహన పన్ను గురించి వచ్చింది, రిజిస్ట్రేషన్ గురించి కాదు. కానీ మూసిన ఆవరణ అంటే కోర్టు ఏం చూస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి మీ తోట ఎలా ఉందో చూసుకోండి. ఒకవైపు ముళ్లకంచె, మూడువైపులా పక్కవాళ్ల గట్లు, మధ్యలోంచి ఊళ్లోవాళ్లు గెడ్డకు వెళ్లే బాట ఉంటే అది మూసిన ఆవరణ అనిపించుకోదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా, అది దారి కాకపోయినా, చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, తాళం మీ దగ్గరుంచుకోండి. బండిని కూడా రోడ్డుకు పనికొచ్చేలా కట్టకండి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు తగిలించి అందంగా ముస్తాబు చేస్తే మీ వాదనను మీరే బలహీనపరచుకున్నట్టవుతుంది.

మహేంద్రతనయ ఏట్లో నడపొచ్చా? అక్కడ ఎవరూ ఉండరు.

కూడదు. ఏరు, చెరువు గర్భం, పోరంబోకు అన్నీ జనం నడిచే చోట్లే. పశువులు దిగే రేవులు, ఆడవాళ్లు బట్టలుతికే బండలు ఉన్న చోటును ఎవరూ ఉండరని ఎలా అంటాం? బండి కిందనుంచి కారే గేరాయిల్ ఆ నీళ్లలోనే కలుస్తుంది.

కొండల మీదకు?

కొండ ఖాళీగా కనిపిస్తుంది, ఖాళీగా ఉండదు. రిజర్వు ఫారెస్టు అయితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ కింద అనుమతి లేకుండా చొరబడటమే నేరం. దారికి అడ్డంగా ఉందని ఒక చెట్టు కొట్టినా, నచ్చిందని ఒక దుంగ బండిలో వేసుకున్నా కేసు ఇంకా పెద్దదవుతుంది, బండి కూడా జప్తయ్యే వీలుంది.

రిజర్వు కాని వాలు చాలాచోట్ల సవరల, జాతాపుల పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందినవాళ్లు అందులో పండించుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్మడానికీ బదిలీ చేయడానికీ వీల్లేదు. రోజుకింత అని డబ్బిచ్చి అక్కడ బండి తిప్పే ఒప్పందం రాసుకుంటే ఇబ్బందిపడేది పట్టాదారు. రాగులో కందులో వేసిన వాలు మీద టైరు జారిన చోట మట్టి వానకు కోసుకుపోతుంది, ఆ మట్టి మళ్లీ రాదు. ఆటకోసం ఇంకొకరి తిండి చెరపడం నాకు సమ్మతం కాదు. చట్టంలో సందు దొరికినా సమ్మతం కాదు.

2007 ప్రాంతంలో ఒడిశా వైపు నుంచి ఏనుగులు ఈ జిల్లాలోకి దిగాయి. పంటపొలాల మీద పడటం, ప్రాణాలు పోవడం ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సైలెన్సర్ లేని బండి చప్పుడుకు గుంపు ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక మహేంద్రగిరి సంగతి. ఒడిశా ప్రభుత్వం 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఆ కొండ ఎక్కాలనుంటే కాళ్లతో ఎక్కండి.

వదిలేసిన క్వారీ అయితే?

మూసిన ఆవరణకు దగ్గరగా ఉండేది నిజానికి ఇదే, అందుకే ఆలోచించదగ్గది. పని ఆగినంత మాత్రాన లీజు తీరిపోయినట్టు కాదు. లీజుదారు ఎవరో గనుల శాఖలో కనుక్కుని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. లీజు తీరిపోయి ఉంటే భూమి ఎవరిదో తహసీల్దారు కార్యాలయంలో తెలుస్తుంది. పని జరుగుతున్న క్వారీలో అడుగే పెట్టకండి, అక్కడ గనుల చట్టం వర్తిస్తుంది, పేలుడు మందు ఉంటుంది. నీళ్లు నిండిన గుంత అంచు లోపల కోసుకుపోయి ఉండొచ్చు, పైనుంచి చూస్తే తెలియదు.

పర్లాకిమిడిలో చవకగా పాత జీపు దొరుకుతోంది. సామాన్లకోసం కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు, కాగితాలతో సహా. మనకు పర్లాకిమిడి పక్క వీధి లాంటిదే కానీ రవాణా శాఖకు అది వేరే రాష్ట్రం. బండిని బండిగానే తెచ్చుకుంటే అక్కడి కార్యాలయం నుంచి 28వ ఫారంలో అభ్యంతరం లేదన్న పత్రం, అమ్మేవాడి సంతకంతో 29, 30 ఫారాలు కావాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే మన రాష్ట్ర నంబరు తీసుకోవాలి.

డబ్బు చేతిలో పెట్టేముందు ఒక పని చేయండి. చాసిస్ రైలు మీద నంబరు కొట్టిన చోట మట్టి గీకేసి, కిరోసిన్ గుడ్డతో తుడవండి. పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చుగా దిగుతాయి. రిజిస్ట్రేషన్ సమయంలో తీసే పెన్సిల్ ప్రింటు ఇదే. అంకెల వరస వంకరగా ఉందా, ఒక అంకె మిగతావాటికంటే లోతుగా దిగిందా, చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా, ఆ ముక్క వరకే కొత్త రంగు వేశారా చూడండి. ఆ అచ్చును సీ బుక్‌తో పోల్చి, ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని పేరు, అప్పు వివరాలు కూడా చూసుకోండి. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెనక్కి తిరిగి వచ్చేయండి. దొంగసొత్తు అని తెలిసీ, లేదా అలా అనుమానించాల్సి ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు.

ఇంజిన్, గేర్‌బాక్సు, హౌసింగులు విడిగా తుక్కు వ్యాపారి దగ్గర కొన్నా బిల్లు అడగండి. బిల్లులో ఇంజిన్ నంబరు రాయించండి.

జీపు కోసేశాక సీ బుక్ ఏం చేయాలి?

పద్నాలుగు రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి అప్పగించేయాలి, 55వ సెక్షన్ చెప్పేది అదే. ఇనప్పెట్టెలో దాచుకోకండి. మీ పేరు మీదున్న నంబరుతో ఎవరైనా వేరే బండి తిప్పితే ముందు మీ ఇంటికే వస్తారు.

డబ్బు తక్కువ. ఎక్కడ తగ్గించుకోవాలి, ఎక్కడ తగ్గించకూడదు?

ఇంజిన్ దగ్గర తగ్గించుకోండి. రాళ్ల మీద బండి మనిషి నడకకంటే మెల్లగా పోతుంది, పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. బాడీ, రంగు, సోకు దగ్గర పూర్తిగా తగ్గించుకోండి. పాత మారుతీ 800 ఇంజిన్ చవకే, కానీ దాని గేర్‌బాక్సు రెండు చక్రాలనే తిప్పుతుంది. దాన్ని వెనక పెట్టి కట్టిన బగ్గీ మట్టిలో, ఇసుకలో సరదాగా ఉంటుంది, రాళ్లెక్కదు. రాళ్లకోసమైతే నాలుగు చక్రాలూ తిరగాలి, లో గేరు ఉండాలి. అంటే జీపు సామానో జిప్సీ సామానో తప్పదు.

తల మీది పంజరం దగ్గర ఒక్క రూపాయి తగ్గించకండి. ఇళ్లకు నీళ్లకోసం వేసే జీఐ పైపుతో పంజరం కట్టడం చూస్తుంటాం. ఆ పైపు నీటి ఒత్తిడి కోసం చేసింది, బండి బోల్తా పడితే బరువు మోయడానికి కాదు. పైగా వెల్డింగ్ చేసేటప్పుడు దాని జింకు పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు బగ్గీలు కట్టి తలపడే బాజా పోటీల నిబంధన ఒకటి మీకు పనికొస్తుంది. పంజరం ముఖ్యమైన గొట్టాలకు కనీసం 25 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం, ఉక్కులో కనీసం 0.18 శాతం కార్బన్. హెల్మెట్ పెట్టుకున్న తలకూ పై గొట్టాలకూ మధ్య ఆరంగుళాల ఖాళీ. అది చిన్న ఇంజిన్, ఒక్క మనిషి కూర్చునే బండి లెక్క. జీపు హౌసింగులు, జీపు ఇంజిన్ మోసే బగ్గీకి గొట్టం ఇంకా లావుగా ఉండాలి. భుజాల మీంచి వచ్చే బెల్టు, చెయ్యి బయటికి పోకుండా వల, కూర్చున్నచోటా బయటివైపూ ఒక్కొక్క ఇంజిన్ కట్ స్విచ్చి, మంటలార్పే సిలిండర్ ఉండాల్సిందే. టెక్కలి, రాజాం ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ మాస్టార్లున్నారు. గీసిన బొమ్మ పట్టుకెళ్లి చూపించి, వాళ్ల మాట విన్నాకే గొట్టాలు కొనండి.

తోటలో మోటారు కరెంటుతో వెల్డింగ్ చేసుకోవచ్చా?

వద్దు. వ్యవసాయానికిచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం, ఈపీడీసీఎల్ వర్తించే టారిఫ్‌కు రెండింతలు వసూలు చేయగలదు. వెల్డింగ్ షాపులో చేయించుకోండి, లేదా షాపతనికి అద్దె ఇచ్చి ఆయన షెడ్డులో కట్టుకోండి. పెట్రోలు కూడా అమ్మకానికి కాకుండా 30 లీటర్ల వరకే లైసెన్సు లేకుండా దగ్గరుంచుకోవచ్చు. రేకు డబ్బాలో, వెల్డింగుకు దూరంగా.

షెడ్డు నుంచి తోటకు రెండు కిలోమీటర్లే. నడుపుకుంటూ పోతే?

రెండు వందల మీటర్లయినా రోడ్డు రోడ్డే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 వరకు జరిమానా, మళ్లీ దొరికితే 10,000 దాకా, లేదా ఏడాది వరకు జైలు. బీమా లేనందుకు, లైసెన్సు లేకపోతే అందుకు, విడిగా మరో కేసు. తాడు కట్టి ఈడ్చుకెళ్లకండి, చక్రాలు రోడ్డు మీద తిరుగుతున్న బండి రోడ్డు మీదున్న బండే. సరుకులా ఎక్కించండి. టాటా ఏస్ తొట్టి అయిదడుగుల వెడల్పు కూడా ఉండదు, జీపు హౌసింగులు వేసిన బగ్గీ పట్టదు. బొలెరో పికప్‌లో పడుతుందేమో కొలుచుకోండి. తొట్టి దాటి పక్కలకు వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. బగ్గీ కట్టేముందే పికప్ తొట్టి కొలత రాసుకుంటే ఈ బాధ ఉండదు.

పోలీసులు ఆపితే నా హక్కులేమిటి?

యూనిఫాంలో ఉన్న అధికారికి కాగితాలు చూపించాలి, డిజిలాకర్‌లోవి చెల్లుతాయి. రిజిస్ట్రేషన్ లేని బండిని 207వ సెక్షన్ కింద ఆపి ఉంచే అధికారం వాళ్లకుంది. ఏ సెక్షన్ కింద ఆపారో అడిగే హక్కు, బండి తీసుకున్నట్టు రసీదు అడిగే హక్కు, విడుదలకు దరఖాస్తు పెట్టుకునే హక్కు మీకున్నాయి. చలానా లేకుండా డబ్బు ఇవ్వకండి. పికప్ మీద వెళ్తున్నప్పుడు బగ్గీ సామాన్ల బిల్లులు, తోట యజమాని అనుమతి కాగితం దగ్గరుంటే మాట తొందరగా తెమిలిపోతుంది.

పిల్లలు నడపొచ్చా? దెబ్బలు తగిలితే ఎవరు చూసుకోవాలి?

రోడ్డు మీద మైనరు నడిపితే 199ఏ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. మూసిన తోటలో ఆ సెక్షన్ రాకపోవచ్చు, పిల్లాడి మెడ ఎముక మాత్రం రెండుచోట్లా ఒకటే. వద్దు.

పెద్దవాళ్లయినా, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది, మీ తోటలో జరిగినా సరే. వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలు పందేలను, సాహస క్రీడలను సాధారణంగా మినహాయిస్తాయి. మీ పాలసీలో మినహాయింపుల పేజీ చదివాకే సీటులో కూర్చోండి.

పోటీలకు వెళ్లాలంటే?

దేశంలో మోటారు క్రీడలను చూసే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని అనుమతి ఉన్న పోటీల్లో బండి తనిఖీ, వైద్యుడు, అంబులెన్సు ఉంటాయి, పోటీదారు లైసెన్సు తీసుకోవాలి. 2014 నుంచి గోవాలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్‌కు ఒకసారి ప్రేక్షకుడిగా వెళ్లొచ్చినా మీ బండిలో ఏం మార్చాలో తెలిసొస్తుంది.

బాగా కుదిరితే ఇంకో రెండు కట్టి అమ్ముకోవచ్చా?

సామాన్లుగా విడగొట్టి బిల్లుతో అమ్ముకోవచ్చు. బండ్లుగా కట్టి అమ్మడం మొదలుపెడితే మిమ్మల్ని తయారీదారుగా చూస్తారు. నిబంధనలకు విరుద్ధమైన బండి అమ్మిన తయారీదారుకు 182ఏ కింద ఒక్కో బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది వరకు జైలు. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పినా వినియోగదారుల చట్టం కిందికొస్తారు, ప్రమాదమైతే మాకు సంబంధం లేదని ముందే సంతకం పెట్టించుకున్న కాగితం మీ నిర్లక్ష్యాన్ని కాపాడదు. పని బాగా వచ్చినవాళ్లు పాత ఫోర్ వీల్ జీపులను కంపెనీ స్థితికి బాగుచేసే షెడ్డు పెట్టుకోవచ్చు. అందుకు కావాల్సింది పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, సరైన కేటగిరీ కరెంటు మీటరు, కొన్న ప్రతి సామానుకూ బిల్లు.